నబ్జ్ చూసినందుకు మజూరీ ఇవ్వరా?

"ఉస్తాద్, బండి లాగట్లేదు. టర్బో పోయింది. కొత్తది ఎంతవుద్ది?"

పాత స్పోర్ట్స్ కారు వేసుకొని షెడ్డుకొచ్చేవాళ్ళు సలాం చెప్పి కూర్చున్నాక అనే మొదటి మాట దాదాపు ఇదే. నాలుగు రోజులు దగ్గినవాడు హకీమ్ సాబ్ దగ్గరికెళ్ళి "నాకు టీబీ, దవా ఇవ్వండి" అంటే ఎట్లుంటుంది? హకీమ్ చెయ్యి పట్టుకొని నబ్జ్ చూడాలి, నాలిక చూడాలి, రాత్రి దగ్గుతావా పొద్దున దగ్గుతావా అని అడగాలి. ఆ తర్వాతే మర్జ్ పేరు. బండి విషయంలో మాత్రం మర్జ్ పేరు, దవా పేరు రెండూ ఇంటి దగ్గరే తేల్చుకొని వస్తాం. మెకానిక్‌ని అడిగేది రేటు ఒక్కటే.

నేను షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో పదకొండేళ్ళు జర్మన్ బండ్ల మీద పనిచేశాను. ఇప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో చిన్న షెడ్డు. అక్కడ నా చేతుల్లో ఎక్కువగా నలిగింది మొదటి తరం ఆడి టీటీ. ఇక్కడ అప్పుడప్పుడు వచ్చేది స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్. ఒకటి గుండ్రంగా ముద్దుగా ఉండే రెండు తలుపుల బండి. ఇంకోటి దాదీమాతో సహా ఇంటిల్లిపాదీ కూర్చునే నాలుగు తలుపుల బండి. బానెట్ ఎత్తితే మాత్రం రెండూ సగే భాయ్. ఒకే ఖాందాన్ ఇంజిన్: 1.8 లీటర్ల పెట్రోల్, నాలుగు సిలిండర్లు, సిలిండర్‌కి 5 చొప్పున 20 వాల్వులు, పక్కన ఒక టర్బో. టీటీలో 180, 225 హార్స్‌పవర్ రకాలు ఎక్కువ కనబడేవి. మన దేశంలో అమ్మిన ఆర్ఎస్‌లో 150. మొదటి తరం టీటీ 1998లో మొదలై 2006తో ఆగిపోయింది. అంటే వాటిలో అందరికన్నా చిన్న తమ్ముడికి కూడా ఇప్పుడు ఇరవై ఏళ్ళ వయసు. ఇనుముకి ఇరవై ఏళ్ళు పెద్ద లెక్క కాదు. రబ్బరుకి, ప్లాస్టిక్‌కి అది బుఢాపా. నా దగ్గరికొచ్చే తకలీఫ్‌లలో చాలావాటికి మూలం ఈ బుఢాపాలోనే ఉంటుంది. పది వేళ్ళ పొడవు రబ్బరు పైపు పగిలితే బండి మొత్తం ముసలిదైనట్టు నడుస్తుంది.

ఇప్పుడు నా ఫిర్యాదు చెప్తాను. మనం సామానుకి డబ్బులిస్తాం, తష్ఖీస్‌కి ఇవ్వం. మర్జ్ కనిపెట్టడమనే పనికి మన జేబులో పైసా లేదు. కొత్త టర్బో డబ్బా కళ్ళ ముందు పెడితే కిమ్మనకుండా అంత డబ్బు తీసిస్తాం. రెండు గంటలు బండి కింద పడుకొని "టర్బో బాగానే ఉంది, ఈ పైపు పగిలింది" అని చెప్పినవాడికి ఆ పైపు ఖరీదు, పైన చాయ్ డబ్బులు. ఇట్లా ఉంటే ఏ మెకానిక్ అయినా ఎటు మొగ్గుతాడు? మనమే వాణ్ణి సామాను మార్చేవాడిగా తయారుచేసి, మళ్ళీ మనమే "మెకానిక్‌లంతా చోర్" అని దావత్‌లలో కూర్చొని బాతాఖానీ కొడతాం. ఈ మాట నాకు మరీ గుచ్చుకుంటుంది. ఎందుకంటే షెడ్డులో పానా పట్టుకున్నవాడూ మనవాడే, బండి తెచ్చినవాడూ చాలాసార్లు మనవాడే.

ఊరికే అన్నానంటారేమో. పని ఎట్లా ఉంటుందో చెప్తాను, మీరే తూకం వేసుకోండి.

"బండి లాగట్లేదు" అన్న ఒక్క మాట వెనక రెండు వేర్వేరు మర్జులు దాక్కుంటాయి. ఒకటి, ఇంజిన్‌లో తాఖత్ పుట్టడం లేదు. రెండు, తాఖత్ పుడుతోంది గానీ చక్రాల దాకా రావడం లేదు. మొదటిది టర్బో వైపు, గాలి వైపు ఖరాబీ. రెండోది క్లచ్ వైపు. సీట్లో కూర్చున్నవాడికి రెండూ ఒకేలా అనిపిస్తాయి: యాక్సిలరేటర్ తొక్కాను, బండి ఉరకలేదు. పైగా రెండోదాంట్లో ఇంజిన్ అరుస్తుంది కాబట్టి, పాపం, "టర్బో అరిచి చచ్చిపోతోంది" అనుకుంటారు.

వీటిని విడదీయడానికి పెద్ద మెషీన్ అక్కర్లేదు. ఎదురుగా ఉన్న రెండు ముళ్ళు చాలు. ఒకటి ఇంజిన్ చుట్లు చూపేది, ఒకటి స్పీడు చూపేది. గేర్ పడి, క్లచ్ గట్టిగా పట్టుకొని ఉన్నంతసేపూ ఆ రెండు ముళ్ళు మియా బీవీల్లా కలిసే నడవాలి. ఒకరు పైకెళ్తే రెండోవారు అదే లెక్కలో వెళ్ళాలి. ఖాళీ రోడ్డు చూసుకొని, నాలుగో గేర్‌లో 1,800, 2,000 చుట్ల దగ్గర మెల్లగా పోతూ ఒక్కసారి పూర్తిగా తొక్కండి. రెండు ముళ్ళూ కలిసి, కానీ నీరసంగా ఎక్కుతుంటే క్లచ్‌కి ఏ పాపమూ తెలియదు, గాలి సంగతి చూడాలి. చుట్ల ముల్లు ఒక్కసారిగా ఎగిరిపోయి, స్పీడు ముల్లు ఉన్నచోటే ఉండిపోతే అది క్లచ్ జారడం. తర్వాత కాలిన వాసన వస్తే షక్ కూడా అక్కర్లేదు. ఈ పరీక్ష తక్కువ గేర్‌లో కాక పై గేర్‌లోనే ఎందుకంటే, పై గేర్‌లో బండి బరువు ఇంజిన్ మీద ఎక్కువ పడుతుంది, క్లచ్ ఎక్కువసేపు ఆ జోరు మోయాలి. టర్బో ఇంజిన్‌లో ఆ జోరు కిందనే వచ్చేస్తుంది. 150 హార్స్‌పవర్ రకం ఇంజిన్ 1,750 చుట్లకే తన పూర్తి 210 న్యూటన్ మీటర్ల లాగుడు ఇచ్చేస్తుంది. అరిగిన క్లచ్ అక్కడే దొరికిపోతుంది.

కొందరు హ్యాండ్‌బ్రేక్ లాగి, మూడో గేర్ వేసి క్లచ్ వదిలి, "ఇంజిన్ ఆగిపోయింది కాబట్టి క్లచ్ బాగుంది" అంటారు. నాకు ఆ పద్ధతి మీద యకీన్ లేదు. పూర్తిగా చచ్చిన క్లచ్‌ని అది పట్టుకుంటుంది. సగం అరిగి, టర్బో జోరు మీద మాత్రమే జారే క్లచ్‌ని వదిలేస్తుంది.

షార్జాలో ఒకసారి 225 టీటీ ఒకటి వచ్చింది. వేరే గరాజ్‌లో అప్పటికే కొత్త టర్బో వేయించారు. డబ్బులు కట్టి బయటికొస్తే బండి అట్లానే ఉంది. యజమాని పక్కన కూర్చొని నాలుగో గేర్‌లో తొక్కమన్నాను. చుట్లు 3,000 నుంచి 4,500కి దూకాయి, స్పీడు కదల్లేదు. రెండు నిమిషాల పని. ఆ బండి కంప్యూటర్‌లో మునుపటి యజమాని ప్రోగ్రాం మార్పించి తాఖత్ పెంచుకున్నాడు. కంపెనీ ఇచ్చిన 280 న్యూటన్ మీటర్ల కోసం చేసిన క్లచ్, అదీ వయసైపోయిన క్లచ్, కొత్త జోరు మోయలేక జారుతోంది. పాత టర్బో డిక్కీలో అట్టడబ్బాలో ఉంది. తీసి వేలితో తిప్పాను. మెత్తగా, ఏ గరగరా లేకుండా తిరిగింది. ఆయన ముఖం చూడలేకపోయాను. కొత్త టర్బో వేసినవాణ్ణి బేఈమాన్ అని నేను అనను. వాడి దగ్గరికి బండి "టర్బో మార్చు" అనే ఆర్డర్‌తోనే వచ్చి ఉంటుంది.

సెకండ్ హ్యాండ్‌లో ఇట్లాంటి బండి కొనే నౌజవాన్లు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి. ప్రోగ్రాం మార్చిన బండి అమ్మేవాడు ఆ మాట చాలాసార్లు దాచేస్తాడు. టెస్ట్ డ్రైవ్‌లో జోరు చూసి మురిసిపోతారు. ఆ జోరు ఖర్చా క్లచ్ రూపంలో తర్వాత మీ మీద పడుతుంది.

క్లచ్ అన్నది కూడా ఒక్క వస్తువు కాదు. జారడం ఒక మర్జ్, విడవకపోవడం ఇంకో మర్జ్. ఇంజిన్ ఆపి ఉంటే గేర్లు సాఫీగా పడతాయి, ఇంజిన్ నడుస్తుంటే రివర్స్ కర్రుమంటుంది, ఫస్ట్ పడదు. ఇట్లా ఉంటే ప్లేట్ అరిగిందని గేర్‌బాక్స్ దింపడానికి పరిగెత్తొద్దు. ముందు ఆయిల్ వైపు చూడాలి. ఈ బండ్లలో క్లచ్ కేబుల్ మీద కాదు, ద్రవం ఒత్తిడి మీద పనిచేస్తుంది, ఆ ద్రవం కూడా బ్రేక్ ఆయిల్ డబ్బా నుంచే వస్తుంది. పెడల్ మెత్తబడినా, తొక్కితే కిందనే ఉండిపోయి కాలితో పైకి లాగాల్సి వచ్చినా, డబ్బాలో ఆయిల్ తగ్గుతున్నా మాస్టర్ సిలిండర్ గానీ స్లేవ్ సిలిండర్ గానీ కారుతోందన్నమాట. లేదా లోపల గాలి చేరింది.

ఇక్కడే బండి రకం తెలిసి ఉండాలి. 5 గేర్ల బాక్స్‌లో స్లేవ్ సిలిండర్ బయటే ఉంటుంది. బాక్స్ దింపకుండానే మార్చొచ్చు. 225 టీటీలోని 6 గేర్ల బాక్స్‌లో అది లోపల, ఇన్‌పుట్ షాఫ్ట్ చుట్టూ గాజులా కూర్చుంటుంది. అది కారితే బాక్స్ దించక తప్పదు. దించాక ఎట్లాగూ మజూరీ పడింది కాబట్టి ప్లేటు, ప్రెషర్ ప్లేటు, స్లేవ్ అన్నీ ఒకేసారి మార్చుకోవడం అఖల్‌మందీ. ఒకే లక్షణం, రెండు బండ్లు, రెండు బిల్లులు. ఇది చెప్పగలగడమే ఇల్మ్. దీనికి మనం కట్టే రేటు సున్నా.

శబ్దాలు కూడా వినాలి. పెడల్ తొక్కితే వచ్చే గీర శబ్దం రిలీజ్ బేరింగ్‌ది. పెడల్ వదిలితే వచ్చి, తొక్కితే ఆగిపోయేది గేర్‌బాక్స్ లోపలి బేరింగ్‌ది అయినా కావొచ్చు, ఫ్లైవీల్‌ది అయినా కావొచ్చు. ఈ బండ్లలో ఫ్లైవీల్ ఒక ముద్ద కాదు. రెండు భాగాలు, మధ్యలో స్ప్రింగులు. ఇంజిన్ కుదుపులు గేర్‌బాక్స్‌కి తగలకుండా ఆ స్ప్రింగులు మింగుతాయి. అవి వదులైతే నిలబడి ఉన్నప్పుడు గలగల, ఇంజిన్ ఆపేటప్పుడు టక్‌మని ఒక దెబ్బ. దాన్ని పట్టించుకోకుండా కొత్త క్లచ్ ప్లేట్ మాత్రం వేస్తే నాలుగు నెలలకే బాక్స్ మళ్ళీ దించాలి. అది ఖరీదైన సామాను కాబట్టి, చాలామంది దాని బదులు ఒకే ముద్ద ఫ్లైవీల్ వేసేస్తారు. వేయొచ్చు. కానీ నిలబడి ఉన్నప్పుడు గేర్‌బాక్స్ గలగలలాడుతుందని ముందే చెప్పి వేయాలి. చెప్పకుండా వేయడం ఖియానత్.

ఇక టర్బో.

పొగ గొట్టంలోకి పోయే వేడి గాలి ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీద ఇవతల ఇంకో చక్రం బయటి గాలిని కుక్కి ఇంజిన్‌లోకి పంపుతుంది. ఆ ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. అంత వేగంలో దాన్ని మోసేది సన్నటి ఆయిల్ పొర. ఆయిల్ శుభ్రంగా, టైముకి అందినంతకాలం టర్బో మొండిది. ఊరికే చావదు. ఇది నా అభిప్రాయం కాదు, చచ్చిన టర్బోలు విప్పినప్పుడల్లా కనబడే సంగతి: ఆయిల్ గొట్టం లోపల బొగ్గులా గడ్డకట్టి ఉంటుంది, లేదా ఆయిల్ సంపులోని జాలీ మడ్డితో మూసుకుపోయి ఉంటుంది. అంటే టర్బో చావుకి కారణం టర్బోలో లేదు. ఆ గొట్టం, ఆ జాలీ చూడకుండా కొత్త టర్బో బిగిస్తే కొత్తది కూడా అదే దారిన పోతుంది, అదీ తొందరగా. జోరుగా వచ్చి ఠక్కున ఇంజిన్ ఆపడం కూడా ఈ బొగ్గుకి ఒక కారణం. అందుకే కంపెనీవాళ్ళు టీటీలో ఇంజిన్ ఆపాక కూడా కాసేపు నీళ్ళు తిప్పే కరెంటు పంపు పెట్టారు. బానెట్ కింద సన్నగా గుయ్‌మంటుంది. దాన్ని విని "బ్యాటరీ తినేస్తోంది" అని వైరు పీకేసిన మహానుభావులు ఉన్నారు. వాళ్ళ గురించి ఏమీ అనను.

టర్బో మీద షక్ వస్తే మొదట స్కానర్ పెడతాం. స్కానర్‌ని కొందరు ఆలిమ్ సాబ్‌లా చూస్తారు, అది చెప్పిందే ఫత్వా. కానీ అది టర్బో పోయిందని ఎప్పుడూ చెప్పదు. ఈ ఖాందాన్ బండ్లలో 17965 అని ఒక కోడ్ వస్తుంది. గాలి ఒత్తిడి కంప్యూటర్ అడిగినదానితో కలవడం లేదని దాని మానీ. 17963 అని ఇంకోటి. ఒత్తిడి హద్దు దాటింది అని. ఎందుకు అన్నది మనిషి వెతకాలి. స్కానర్‌లో 115వ నంబరు గ్రూప్ తీసి, పక్కన ఒకరు చూస్తుండగా బండి నడిపితే, కంప్యూటర్ అడుగుతున్న ఒత్తిడి ఎంత, నిజంగా వస్తున్నది ఎంత అని రెండూ పక్కపక్కన కనబడతాయి. ఆ అంకెలు మిల్లీబార్లలో ఉంటాయి, బయటి గాలి ఒత్తిడి సుమారు 1,000 కూడా అందులోనే కలిసి ఉంటుంది. అది తెలియనివాడు 1,400 చూసి హడలిపోతాడు. అడిగింది ఎక్కువ, వచ్చింది తక్కువ అయితే గాలి ఎక్కడో లీకవుతోంది, లేదా పొగను పక్కదారి పట్టించే వేస్ట్‌గేట్ తెరిచి ఉండిపోయింది. వచ్చింది ఎక్కువైతే ఆ వేస్ట్‌గేట్ కడ్డీ బిగుసుకుపోయింది, లేదా దానికి గాలి అందించే సన్న పైపు ఊడింది, లేదా దాన్ని ఆడించే ఎన్75 వాల్వ్ పాడైంది.

ఒత్తిడి హద్దు దాటితే కంప్యూటర్ ఇంజిన్ హిఫాజత్ కోసం తాఖత్ కోసేస్తుంది. బండి ఒక్కసారిగా చచ్చినట్టు అవుతుంది. ఆపి, తాళం తీసి మళ్ళీ పెడితే బాగా నడుస్తుంది. ఇట్లా జరిగితే టర్బో పోయిందని భయపడకండి. చచ్చిన టర్బో తాళం తిప్పితే బతకదు.

లీక్ వెతకడం సబర్ పని. గాలి లోపలికి వెళ్ళే నోరు మూసి, కంప్రెసర్‌తో కొద్దికొద్దిగా, ఇంజిన్‌లో మామూలుగా వచ్చేదానికి మించకుండా ఒత్తిడి ఎక్కించి, ప్రతి జాయింటు మీద సబ్బునీళ్ళు పోస్తాం. బుడగలు లేచినచోట మర్జ్. ఎక్కువగా దొరికే జాగాలు నాకు కంఠస్థం: తొక్కుడు వదలగానే గాలిని వెనక్కి మళ్ళించే డైవర్టర్ వాల్వ్ లోపలి రబ్బరు పొర, ఇన్‌టేక్ కింద కనబడకుండా దాక్కున్న బ్రీదర్ పైపులు, చేతితో నొక్కితే బిస్కెట్‌లా విరిగే సన్న వ్యాక్యూమ్ పైపులు, ఇంటర్‌కూలర్ దగ్గర క్లిప్పు వదులైన హోస్. వీటిలో ఏదీ టర్బో కాదు.

పొగ కూడా ఇట్లాంటిదే. సైలెన్సర్‌లోంచి నీలిపొగ వస్తే "టర్బో ఆయిల్ తాగుతోంది" అనేస్తారు. పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఒక మబ్బులా వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్ళు చూడాలి. సిగ్నల్ దగ్గర కాసేపు నిలబడి మళ్ళీ తొక్కితే వచ్చేదానికి టర్బో సీలు మీద షక్ పడొచ్చు. అప్పుడు కూడా బ్రీదర్ మూసుకుపోయి ఇంజిన్ లోపలి ఒత్తిడి పెరిగిందా, టర్బో నుంచి ఆయిల్ కిందికి దిగే గొట్టం మూసుకుందా చూడాలి. ఆయిల్ దిగడానికి దారి లేకపోతే బాగున్న సీలు కూడా వదిలేస్తుంది. ఇక ఇంటర్‌కూలర్ పైపు విప్పితే లోపల తడిగా ఆయిల్ కనబడటం ఈ వయసు బండ్లలో మామూలే. బ్రీదర్ ఆవిరి అటే పోతుంది. ఆ తడి చూపించి టర్బో అమ్మేవాళ్ళున్నారు, జాగ్రత్త.

టర్బో నిజంగా పోయిందా అని తేల్చేది చివరికి చేతి వేళ్ళే. పైపు విప్పి ఇరుసు పట్టుకొని అటూ ఇటూ కదిపితే కొంచెం ఆట ఉండొచ్చు, ఆయిల్ ఒత్తిడి లేనప్పుడు అది సహజం. ముందుకూ వెనక్కూ లాగితే మాత్రం దాదాపు కదలకూడదు. రెక్కలు గోడకి రాసుకున్న గీతలు ఉంటే, రెక్క అంచు విరిగి ఉంటే అప్పుడు టర్బో పోయింది. అప్పుడు మార్చాల్సిందే. అందులో కంజూసీ చేస్తే విరిగిన ముక్క ఇంటర్‌కూలర్ దాకా, ఇంజిన్ దాకా వెళ్తుంది.

కిందటి సంవత్సరం ఒక కడప నౌజవాన్ కువైట్ నుంచి ఛుట్టీ మీద వచ్చి ఆక్టేవియా ఆర్ఎస్ తెచ్చాడు. పోస్టర్‌లో చూసి చిన్నప్పటి నుంచి పెంచుకున్న షౌక్, ఎండలో సంపాదించిన కమాయీ పోసి కొన్నాడు. ఇంకోచోట టర్బోకి అడ్వాన్స్ అడిగారట. వాళ్ళ అబ్బా కూడా వెంట వచ్చారు, రిటైరైన ఆర్టీసీ డ్రైవర్. నేను సాయంత్రం దాకా చూశాను. ముళ్ళు కలిసే ఎక్కుతున్నాయి, క్లచ్ సలామత్. సబ్బునీళ్ళు పోస్తే రెండుచోట్ల బుడగలు. డైవర్టర్ లోపల పొర చిరిగింది, కింద ఒక బ్రీదర్ పైపు పగిలింది. మార్చాను. బండి మళ్ళీ వెన్నులో నెట్టినట్టు లాగింది. ఆ పిల్లవాడి ముఖంలో ఈద్ కనబడింది.

బిల్లు రాశాను. సామాను విడిగా, తష్ఖీస్ 1,500 విడిగా. వాళ్ళ అబ్బా అద్దాలు పెట్టుకొని చదివి అడిగారు: "సామాను సరే బేటా, ఈ పదిహేను వందలకి ఏం మార్చావు?"

ఏమీ మార్చలేదు చాచా. మార్చకుండా ఆపాను.

ఆయన చెడ్డమనిషి కాదు, కంజూస్ కూడా కాదు. జీవితమంతా బస్సు నడిపినవాడు, బండి నొప్పి తెలిసినవాడు. ఆయనకి కూడా చేతికి తగిలే వస్తువు లేకపోతే అది పనిలా కనబడలేదు. డాక్టర్ దగ్గర ఫీజు ముందే కట్టి, టోకెన్ పట్టుకొని బెంచీ మీద కూర్చుంటాం. "మందు రాయలేదు కదా, ఫీజు వాపస్ ఇవ్వండి" అని ఎవరూ అడగం. షెడ్డు దగ్గరికి వచ్చేసరికి మన హిసాబ్ మారిపోతుంది. ఎందుకు మారుతుందో నాకు తెలుసు, మీకూ తెలుసు. డాక్టర్ చేతులు తెల్లగా ఉంటాయి. మావాళ్ళ చేతులకి గ్రీజు. అదే గ్రీజు చేతులవాడికి రిష్తా చూడటానికి వెళ్తే "లడ్కా మెకానిక్ హై" అని గొంతు తగ్గించి చెప్పే ఇళ్ళు మన మొహల్లాలో ఎన్ని లేవు? చదువు అబ్బకపోతే షెడ్డులో వేస్తాం అంటారు. ఇప్పుడు చెప్పండి, పైన రాసినదంతా చదువు అబ్బనివాడి పనేనా? ఒత్తిడి అంకెలు చదవాలి, శబ్దం వినాలి, కోడ్ మానీ తెలియాలి, ఏ గేర్‌బాక్స్‌లో ఏది లోపల ఉందో గుర్తుండాలి. ఆపైన తనకి నష్టమైనా నిజం చెప్పే నియ్యత్ ఉండాలి.

షెడ్డులో నా దగ్గర ఇద్దరు షాగిర్దులున్నారు. వాళ్ళకి బోల్టు విప్పడం మూడు నెలల్లో వచ్చింది. వెతకడం నేర్పుతున్నాను, అది ఏళ్ళు పడుతుంది. ఒక పక్క "వెతకండి, తొందరపడొద్దు" అని నేను చెప్తుంటే, ఇంకో పక్క వెతికినందుకు పైసా రాదని వాళ్ళు రోజూ కళ్ళారా చూస్తున్నారు. వాళ్ళు దేన్ని నమ్ముతారు? నాలుగేళ్ళ తర్వాత వాళ్ళు సొంత షెడ్డు పెట్టుకుంటారు. వాళ్ళకి పెళ్ళిళ్ళవుతాయి, పిల్లల స్కూలు ఫీజులుంటాయి. అప్పుడు సామాను కమీషన్ మీద బతికితే వాళ్ళనొక్కళ్ళనే తప్పుపడదామా?

ఎదురు సవాల్ కూడా న్యాయమైనదే. "తష్ఖీస్ ఫీజు అని ఇంకో లూట్ మొదలవుతుంది కదా?" అని ఒక ఆపా అడిగారు. మొదలవ్వొచ్చు. అందుకే ఫీజు ఇచ్చేవాళ్ళకి హక్కులు కూడా ఉండాలి. బుడగ వచ్చిన జాగా నాకు చూపించు అనండి. అడిగిన ఒత్తిడి, వచ్చిన ఒత్తిడి స్క్రీన్ మీద చూపించు అనండి. ఫోన్‌లో ఫోటో తీసుకోండి. మార్చిన పాత సామాను వాపస్ అడగండి, అది మీ సొత్తు. నేను బోర్డు మీద రాసే పెట్టాను: చెప్పిన మర్జ్ గలత్ అయితే తష్ఖీస్ డబ్బులు వాపస్. ఫీజు తీసుకొని ఏదీ చూపించనివాడి దగ్గరికి రెండోసారి వెళ్ళొద్దు. ఫీజే తీసుకోకుండా, బానెట్ ఎత్తకుండా, వాకిట్లోనే "టర్బో" అనేవాడి దగ్గరికి మొదటిసారి కూడా వెళ్ళొద్దు.

కడప చాచా ఆ రోజు 1,500 ఇచ్చారు. ఇచ్చేముందు పాత డైవర్టర్ వాల్వ్ అడిగి తీసుకొని, చిరిగిన పొరలో వేలు పెట్టి చూసుకున్నారు. కర్చీఫ్‌లో చుట్టి జేబులో వేసుకున్నారు. నాకు అది నచ్చింది.

ఇట్లాంటి బండి ఇంట్లో ఉన్నవాళ్ళకి నావైపు నుంచి కొన్ని గుజారిష్‌లు. షెడ్డుకి తెచ్చే ముందు ఇంజిన్ కడిగించకండి, లీకు జాడలు కొట్టుకుపోతాయి. ఎవరో స్నేహితుడి చిన్న స్కానర్‌తో కోడ్‌లు చెరిపేసి తేవద్దు. ఏ గేర్‌లో, ఎంత స్పీడులో, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, ఏసీ వేసి ఉందా లేదా, ఒక కాగితం మీద రాసుకొని రండి. తాఖత్ పెంచే ప్రోగ్రాం వేయించి ఉంటే అబ్బా ముందు చెప్పడానికి సిగ్గైతే పక్కకి పిలిచి చెవిలో చెప్పండి. వీలైతే బండి రాత్రికే తెచ్చి వదలండి. పొద్దున్నే మొదటి స్టార్ట్‌లో వచ్చే పొగని, శబ్దాన్ని నేను చూడాలి.